నేరం ఎవరిది? ముందు ప్రశ్న అడగడం నేర్చుకుందాం

(డిగ్రీలో కొత్తగా చేరిన మన పిల్లల కోసం పెట్టిన అధ్యయన తరగతిలో నేను మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు చాలామంది అడిగారు. అందుకే రాసి పెడుతున్నాను. మాట్లాడినట్టే ఉంచాను, అక్కడక్కడా సరిచేశాను.)



ఈ రోజు నాకు ఇచ్చిన అంశం క్రిమినాలజీ. తెలుగులో నేరశాస్త్రం అంటారు. ఆ మాట వినగానే మీలో సగం మందికి సినిమాలు గుర్తొచ్చి ఉంటాయి. వేలిముద్రలు, రక్తపు మరకలు, తెల్లకోటు వేసుకున్న డాక్టరు. అది ఫోరెన్సిక్, వేరే చదువు. ఇంకొంతమందికి సెక్షన్ల నంబర్లు గుర్తొచ్చి ఉంటాయి. అది లా. ఏది నేరం, దానికి ఎంత శిక్ష అని లా చెప్తుంది. ఎవరు చేశారో ఆధారం చూపించడానికి ఫోరెన్సిక్ పనికొస్తుంది. మరి క్రిమినాలజీ ఏం చేస్తుంది? నేరం ఎందుకు జరుగుతోంది, ఎవరిని నేరస్తుడు అంటున్నాం, వాణ్ణి పట్టుకున్నాక మనం చేస్తున్న పని వల్ల నేరం తగ్గుతోందా పెరుగుతోందా అని అడుగుతుంది. అంటే అది ప్రశ్నలు అడిగే చదువు.

పుస్తకంలోంచి మొదలుపెడితే మీరు నిద్రపోతారు. మా ఊరి సంగతితో మొదలుపెడతాను.

మా ఊళ్లో ఒక తమ్ముడున్నాడు. నీ విషయం తరగతిలో చెప్పొచ్చా అని అడిగితే, "చెప్పన్నా, పేరు మాత్రం వద్దు" అన్నాడు. ఇంటర్ రెండో ఏడాది తప్పాడు. ఇంటికి రెండెకరాల కాఫీ తోట, కాస్త పసుపు. పట్టా లేదు. సంతలో పరిచయమైన ఒకడు, రెండు బస్తాలు బండి మీద పెట్టుకుని కిందకి హైవే దాకా దింపితే ఐదు వేలు ఇస్తానన్నాడు. ముందు ఇంకో బండి వెళ్తుంది. దాన్ని పైలట్ అంటారు. దారిలో పోలీసులుంటే పైలట్ ఫోన్ చేస్తాడు, వెనకవాడు ఆగిపోతాడు. ఆ రోజు పైలట్ చెక్‌పోస్టు దాటి వెళ్లిపోయాడు. ఫోన్ రాలేదు. మనవాడు దొరికిపోయాడు. బస్తాల్లో ఉన్నది గంజాయి, 24 కిలోలు.

మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. ఎన్‌డీపీఎస్ అంటారు. ఆ చట్టం లెక్కలో గంజాయి 20 కిలోలు దాటితే అది వ్యాపార పరిమాణం. శిక్ష పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా వెయ్యొచ్చు. జరిమానా లక్షకు తగ్గదు. బెయిల్ చాలా కష్టం. మామూలు కేసుల్లో 60 లేదా 90 రోజుల్లో వేయాల్సిన ఛార్జిషీటుకు ఇందులో 180 రోజుల టైం ఉంటుంది. ఈ లెక్కలేవీ మా తమ్ముడికి తెలీవు. వాడికి తెలిసింది ఐదు వేలు. 19 నెలలు జైల్లో ఉన్నాక బెయిల్ వచ్చింది.

వాడు లోపలున్నప్పుడు ఒకసారి వాళ్లమ్మ నన్నడిగింది: "బాబూ, నా కొడుకు పేరు పేపర్లో ఏసేరు. ఆ సరుకు ఇచ్చినోడి పేరు ఎవులూ అడగలేదేటి?"

నేను మూడేళ్లు డిగ్రీ చదివాను. నాకు రాని ప్రశ్న ఆ అమ్మకి వచ్చింది. క్రిమినాలజీలో మొదటి పాఠం ఏంటని ఎవరైనా నన్నడిగితే ఆవిడ ప్రశ్నే చెప్తాను. ఈ రోజు ఐదు ప్రశ్నలు చెప్తాను. ఈ ఐదూ గుర్తుంటే పుస్తకంలో మిగతాది మీరే చదువుకుంటారు.

మొదటి ప్రశ్న: ఇది నేరమని ఎవరు రాశారు?

హత్య, దొంగతనం లాంటివి దాదాపు ఏ సమాజంలోనైనా తప్పే. కానీ నిన్న తప్పు కానిది ఇవాళ నేరమైపోవడం కూడా ఉంది. దానికి మన కొండల కంటే మంచి ఉదాహరణ దొరకదు.

జీలుగు కల్లు మన తాతలు తాగారు, పండక్కి పెట్టారు, పెళ్లికి పెట్టారు. పోయిన శతాబ్దానికి ముందు శతాబ్దంలో, బ్రిటిష్ ప్రభుత్వం అబ్కారీ చట్టం తెచ్చి కల్లు హక్కుని కాంట్రాక్టర్లకి అమ్మేసింది. సొంత చెట్టు గీసుకుని సొంత ఇంట్లో తాగడానికి కూడా ఇంకొకడికి డబ్బు కట్టాలి. కట్టకపోతే నేరం. 1879లో రంప ప్రాంతం లేచింది. కారణాలు చాలా ఉన్నాయి, ఈ కల్లు పన్ను వాటిలో పెద్దది. ప్రభుత్వం దాన్ని పితూరీ అంది. మనం పోరాటం అంటున్నాం. జరిగింది ఒకటే, పేరు పెట్టినవాళ్లు వేరు.

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు ఫారెస్ట్ అని గీత గీశారు. గీత గీసిన మర్నాడు మన తాత అదే కొండ మీద అదే పోడు చేశాడు. ముందు రోజు రైతు, ఆ రోజు ముద్దాయి. వాడు మారలేదు, వాడి చేతిలో గొడ్డలి మారలేదు, కాగితం మారింది. ఈ అన్యాయాన్ని పార్లమెంటే ఒప్పుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం ముందుమాటలోనే ఆదివాసులకి చారిత్రక అన్యాయం జరిగిందని రాసుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. దీన్నుంచి "చట్టాలన్నీ దొంగచట్టాలే, మనం ఏం చేసినా ఒప్పే" అని అర్థం తీసుకోకండి. గంజాయి మనకి నష్టమే. మన పిల్లల్ని తాగుడులోకి, జైల్లోకి లాగుతోంది. నేనడిగేది ఇంతే: ఒక చట్టం చూసినప్పుడు, ఇది ఎప్పుడు వచ్చింది, ఎవరికోసం వచ్చింది, ఎవరి మీద పడుతోంది అని చూడండి.

రెండో ప్రశ్న: ఎందుకు చేశాడు?

దీనికి పుస్తకాల్లో రకరకాల జవాబులున్నాయి. ముఖ్యమైనవి నాలుగు చెప్తాను. మా తమ్ముడి మీద పెట్టి చూద్దాం.

మొదటివాడు ఇటలీ దేశంలో బెకారియా. 1764లో నేరాలు, శిక్షల గురించి చిన్న పుస్తకం రాశాడు. అప్పటికి వాడికి 26 ఏళ్లు, మన వయసే. భయపడి మొదట పేరు లేకుండా అచ్చువేశాడు. అప్పట్లో చిత్రహింసలు పెట్టి నేరం ఒప్పించేవాళ్లు, చిన్న దొంగతనానికి కూడా ప్రాణాలు తీసేవాళ్లు. ఆయనేమన్నాడంటే, మనిషి లాభనష్టాలు లెక్కేసుకుంటాడు. శిక్ష ఎంత పెద్దదన్నదాని కంటే, శిక్ష తప్పదన్న నమ్మకం, అది త్వరగా పడడం ముఖ్యం. మా తమ్ముడి సంగతి చూడండి. చట్టంలో ఇరవై ఏళ్లున్నాయి. కానీ సంతలో తిరిగే పెద్దోడు ఎప్పుడూ దొరకలేదని వాడు కళ్లారా చూశాడు. ఇంక భయం ఎక్కడిది? కాగితం మీది ఇరవై ఏళ్లు ఎవరినీ ఆపవు.

రెండోవాడు లాంబ్రోసో, ఆయనదీ ఇటలీయే. డాక్టరు. 1876లో ఒక పుస్తకం వేశాడు. జైల్లో ఉన్నవాళ్ల పుర్రెలు, దవడలు, చెవులు కొలిచి, కొంతమంది పుట్టుకతోనే నేరస్తులు అన్నాడు. మనిషి మొహం చూసి చెప్పేయొచ్చన్నాడు. తర్వాత వచ్చిన పరిశోధకులు కొలతలు తీసి చూస్తే అది నిలబడలేదు. సైన్సులో ఆ మాట ఎప్పుడో చచ్చిపోయింది. పోలీస్ స్టేషన్లో, సినిమాల్లో, జనం నోట్లో మాత్రం చావలేదు.

మన దేశంలో లాంబ్రోసో పుస్తకానికి ఐదేళ్ల ముందే, 1871లో, బ్రిటిష్‌వాళ్లు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. కులవృత్తి తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టు నేరం కూడా వంశంలో వస్తుందని వాళ్ల లెక్క. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన అన్నదమ్ములైన ఎరుకలవాళ్ల మీద పడింది. వాళ్లు ఏం చేసేవాళ్లు? గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్లకి తిరిగి అమ్ముకునేవాళ్లు. ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది. రైళ్లొచ్చాయి. బతుకుతెరువు పోయింది. తిరగడం వాళ్ల బతుకు, ఆ తిరగడమే అనుమానమైపోయింది. పేర్లు రిజిస్టరులో ఎక్కించారు. వేలిముద్రలు తీశారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. అప్పుడే పుట్టిన బిడ్డ కూడా ఆ ముద్రతోనే పెరగాలి. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న స్టువర్ట్‌పురం అలా పుట్టిన ఊరే. సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి నడిపిన సెటిల్‌మెంటు. హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్ల అధికారి పేరు దానికి పెట్టారు.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే ఆ రోజుని విముక్త దినంగా జరుపుకుంటాం. డెబ్బై ఏళ్లు దాటింది. ఇప్పటికీ స్టువర్ట్‌పురం అనగానే సినిమావాడికి దొంగే గుర్తొస్తాడు. అక్కడి పిల్లవాడు ఇంటర్వ్యూలో సొంతూరు పేరు చెప్పడానికి ఎందుకు వెనకాడాలి? లాంబ్రోసో సంగతి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. మనకి మాత్రం బతుకు ప్రశ్న.

మూడోవాడు అమెరికాలో మెర్టన్, 1938. ఆయన చెప్పింది తేలిక. డబ్బు సంపాదించు, బండి కొను, మంచి ఫోన్ కొను, అప్పుడే నువ్వు మనిషివి అని సమాజం అందరికీ ఒకటే మాట చెప్తుంది. కానీ అక్కడికి వెళ్లే దారి అందరికీ ఇవ్వదు. గమ్యం చూపించి దారి మూసేస్తే ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడిలో కొందరు అడ్డదారి తొక్కుతారు. మా తమ్ముడి ఫోన్లో రోజూ కనిపించేవి కార్లు, బైకులు, బ్రాండు బూట్లు. ఇంట్లో పట్టా లేని తోట, బ్యాంకు అప్పు రాదు, ఇంటర్ పోయింది. ఐదు వేలంటే వాళ్ల నాన్నకి ఎన్ని రోజుల కూలి? లెక్కేసుకోండి.

మరి అదే ఊళ్లో, అదే పేదరికంలో మిగతా పిల్లలెందుకు వెళ్లలేదు? పేదరికమే కారణమైతే మన ఊళ్లన్నీ జైల్లో ఉండాలి గదా. దీనికి నాలుగోవాడు సదర్లాండ్ జవాబు చెప్పాడు. ఆయనా అమెరికావాడే. నేరం రక్తంలో రాదు, నేర్చుకుంటే వస్తుంది అన్నాడు. భాష నేర్చుకున్నట్టే. ఎవరితో తిరుగుతున్నావు, ఎంత తరచుగా, ఎంత దగ్గరగా, వాళ్లు దాన్ని ఒప్పని చెప్తున్నారా తప్పని చెప్తున్నారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మా తమ్ముడికి బస్తా ఎలా కట్టాలో, వాసన రాకుండా ఏం చెయ్యాలో, పైలట్ వెనక ఎంత దూరంలో ఉండాలో ఎవరో నేర్పారు. దాంతోపాటు, "అందరూ చేస్తున్నారులేరా, ఇందులో తప్పేముంది" అన్న మాట కూడా నేర్పారు. ఆ మాటే అసలు పాఠం. దానికి ఎదురు పాఠం చెప్పే అన్న ఆ రోజు సంతలో లేడు. ఆ అన్న నేనై ఉండాల్సింది.

మూడో ప్రశ్న: ఎవరు దొరికారు, ఎవరు దొరకలేదు?

ఏటా జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు వేస్తుంది. ఎన్‌సీఆర్‌బీ అంటారు. ఆ లెక్కల్లో ఉండేవి నమోదైన నేరాలు. జరిగిన నేరాలన్నీ కాదు. భయపడి చెప్పనివి, చెప్పినా రాసుకోనివి, రాజీ చేసేసినవి ఆ పుస్తకంలో ఎక్కవు. వీటిని క్రిమినాలజీలో చీకటి లెక్క అంటారు. చెక్‌పోస్టు ఎక్కడ పెడితే అక్కడ నేరం దొరుకుతుంది. ఘాట్ రోడ్డు మీద పెడితే మనవాడు దొరుకుతాడు. పట్నంలో ఫ్యాన్ కింద కూర్చుని డబ్బు పంపినవాడి దగ్గర చెక్‌పోస్టు లేదు. చట్టంలో వాడికి తప్పించుకునే దారి ఇచ్చారనుకోకండి. ఎన్‌డీపీఎస్‌లో 27ఏ అనే సెక్షనుంది. ఈ వ్యాపారానికి పెట్టుబడి పెట్టినవాడికీ పది నుంచి ఇరవై ఏళ్లే. ఆ అమ్మ అడిగిన ప్రశ్నకి చట్టంలో జవాబుంది. ఆ సెక్షను దాకా దర్యాప్తు వెళ్లాలి, అంతే.

ఇందాక చెప్పిన సదర్లాండే 1939లో అమెరికా సమాజశాస్త్రవేత్తల సభలో అధ్యక్షుడిగా మాట్లాడుతూ, పేదవాళ్ల నేరాలే లెక్కపెట్టి నేరానికి కారణం పేదరికం అంటున్నారేంటి అని అడిగాడు. పెద్ద కంపెనీలు, పెద్ద ఉద్యోగులు చేసే నేరాలకి తెల్లకాలర్ నేరం అని పేరు పెట్టాడు. 1949లో పుస్తకం వేస్తే, కంపెనీల పేర్లు తీసేస్తేనే అచ్చు వేస్తామన్నారు. ఆ పేర్లతో పూర్తి పుస్తకం 1983లో గానీ బయటికి రాలేదు. అప్పటికి ఆయన చనిపోయి ముప్పై ఏళ్లు దాటింది.

మన దగ్గర ఇలాంటి నేరమేంటి? 1/70 గురించి మీ అందరికీ తెలుసు. ఏజెన్సీలో భూమి ఆదివాసీ కానివాళ్ల చేతికి వెళ్లకూడదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని నిరూపించుకునే బాధ్యత వాడిదే. ఇంతవరకూ చాలామందికి తెలుసు. 1978లో దీనికి ఇంకో సవరణ వచ్చింది, అది తక్కువమందికి తెలుసు. ఆ తర్వాత నిబంధన దాటి భూమి సంపాదిస్తే, ఖాళీ చెయ్యమని ఉత్తర్వు వచ్చాక కూడా అక్కడే కూర్చుంటే, అది నేరం. ఏడాది దాకా కఠిన జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నాను. మీ మండల కేంద్రం ఒకసారి కళ్లముందు తెచ్చుకోండి. మెయిన్ రోడ్డు మీద లాడ్జీలు, షాపులు, మేడలు. ఎవరి పేరు మీద ఉన్నాయి, ఎవరు అనుభవిస్తున్నారు? ఈ సెక్షను కింద మీ మండలంలో ఒక్కరైనా జైలుకి వెళ్లారా? అడవిలో వెదురు నరికితే నేరం అంటున్నాం. అదే మనిషి భూమి పోతే "భూమి తగాదా" అంటున్నాం. ఆ మాట మన నోటికి కూడా అలవాటైపోయింది. ముందు మన నోరు మార్చుకోవాలి. తగాదా అంటే ఇద్దరిదీ తప్పున్నట్టు ఉంటుంది.

నాలుగో ప్రశ్న: దెబ్బ తిన్నది ఎవరు?

చాలాకాలం ఈ చదువంతా నేరం చేసినవాడి చుట్టూనే తిరిగింది. బాధితుల గురించి ఆలోచించే శాఖ తర్వాత వచ్చింది. మన దేశంలో ఆ ఆలోచనని కదిలించింది ఒక ఆదివాసీ అమ్మాయి. 1972లో మహారాష్ట్రలో, ఇప్పటి గడ్చిరోలి ప్రాంతంలో, పోలీస్ స్టేషన్ ఆవరణలోనే ఆ అమ్మాయి మీద అత్యాచారం జరిగిందని కేసు. హైకోర్టు ఇద్దరు పోలీసులకి శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు వాళ్లని విడిచిపెట్టింది. ఒంటి మీద గాయాల గుర్తులు లేవు, గట్టిగా ఎదిరించినట్టు లేదు అన్నది ఒక కారణం. స్టేషన్ లోపల, రాత్రి, ఒక పేద ఆదివాసీ అమ్మాయి పోలీసుని ఎలా ఎదిరిస్తుంది? ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా టీచర్లు సుప్రీంకోర్టుకి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆడవాళ్లు రోడ్డెక్కారు. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారం కేసులో, తన ఇష్టం లేదని ఆమె చెప్తే కోర్టు ముందు ఆ మాటనే నిజమనుకోవాలి.

మన దగ్గరికి వస్తే వాకపల్లి. 2007 ఆగస్టులో 11 మంది కోందు స్త్రీలు, కూంబింగ్‌కి వచ్చిన పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులైన 13 మంది పోలీసులనీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా చెయ్యలేదని దర్యాప్తు అధికారులని తప్పుపట్టింది, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వాలని చెప్పింది. 16 ఏళ్లు. ఆ 11 మంది ఎన్నిసార్లు కొండ దిగి, ఎన్ని ఆఫీసులకి తిరిగారో ఆలోచించండి. పరీక్షలో "దర్యాప్తు ప్రాముఖ్యత" అని ఐదు మార్కుల ప్రశ్న వస్తే నాకు వాకపల్లే గుర్తొస్తుంది. మొదటి రోజుల్లో తీయాల్సిన ఆధారం తీయకపోతే 16 ఏళ్ల తర్వాత ఏ జడ్జీ దాన్ని తేలేడు.

ఐదో ప్రశ్న: తర్వాత ఏమైంది?

శిక్షో, బెయిలో, ఏదో ఒకటి అయింది. మనిషి ఇంటికొచ్చాడు. తర్వాత?

హోవర్డ్ బెకర్ అని ఒకాయన 1963లో ముద్ర సిద్ధాంతం రాశాడు. ఒక మనిషికి నేరస్తుడని ముద్ర వేశాక, అందరూ వాణ్ణి ఆ ముద్రతోనే చూస్తారు. పని ఇవ్వరు, పిల్లనివ్వరు. చివరికి వాడు కూడా తనని తాను అలాగే చూసుకుంటాడు. అప్పుడు వాణ్ణి దగ్గరికి తీసేది ఎవరు? మళ్లీ ఆ సరుకు ఇచ్చినవాడే.

మా తమ్ముడు బెయిల్ మీద వచ్చాక ఊళ్లో ఒక మోటారు పోయింది. మొదట వాడి ఇంటికే వెళ్లారు. చెల్లి సంబంధం వెనక్కి పోయింది. నా సంగతీ చెప్తాను, దాచను. రెండు నెలలు నేను వాడితో మాట్లాడలేదు. సంఘంలో తిరిగేవాణ్ణి, గంజాయి కేసువాడితో కనబడితే ఏమనుకుంటారో అని పక్క దారిలో వెళ్లాను. ముద్ర సిద్ధాంతం చదివినవాణ్ణి నేనే, ముద్ర వేసినవాణ్ణీ నేనే.

మనుషులం మనమే ఇలా ఉంటే ప్రభుత్వం కాగితం ఎలా ఉంటుంది? నేరస్త జాతుల చట్టం పోయాక రాష్ట్రాలు అలవాటు నేరస్తుల చట్టాలు తెచ్చుకున్నాయి. జైలు మాన్యువళ్లలో ఏ కులంవాడు ఊడవాలి, ఏ కులంవాడు వండాలి అని, విముక్త జాతులవాళ్లు అలవాటు నేరస్తులని రాసుకున్నారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లవని కొట్టేసింది. 1871లో వేసిన ముద్ర 2024 దాకా జైలు గోడల లోపల బతికే ఉంది.

మరి మన పెద్దలు ఏం చేసేవాళ్లు? ఊరి కూటంలో ఇద్దరినీ కూర్చోబెట్టి, తప్పు ఒప్పించి, తప్పు కట్టించి, కలిపి భోజనం పెట్టి ఇంటికి పంపేవాళ్లు. తప్పు కట్టాక ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. ఇప్పుడు దీన్ని ప్రపంచమంతా పునరుద్ధరణ న్యాయం అని చదువుతోంది. మనిషిని సిగ్గుపడేలా చెయ్యి, కానీ బయటికి నెట్టకు, వెనక్కి తీసుకో అని జాన్ బ్రెయిత్‌వైట్ 1989లో పుస్తకమే రాశాడు. 1996 పెసా చట్టం కూడా ఆచారం ప్రకారం తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకుందని ఒప్పుకుంది.

అలాగని మన కూటాలన్నీ గొప్పవని చెప్పను. చిల్లంగి పెట్టాడని మనిషిని కొట్టి చంపింది కూడా మన ఊళ్లలోనే. ఆడపిల్ల మీద చెయ్యి వేసినవాడి చేత ఒక మేకని తప్పు కట్టించి, ఆ పిల్ల నోరు మూయించింది కూడా మన పెద్దమనుషులే. కూటంలో ఆడవాళ్లు వెనక నిలబడితే అది సగం న్యాయమే. మన ఆచారాన్ని కూడా ఈ ఐదు ప్రశ్నలే అడగాలి. బయటివాళ్లని అడిగి మనల్ని మనం అడక్కపోతే అది చదువు కాదు.

చేతిలో ఉంచుకోవాల్సినవి

ఇవి నోట్ చేసుకోండి. పరీక్ష కోసం కాదు, ఇంటి కోసం.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ప్రయాణం టైం దీనికి లెక్క కాదు. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. ఇంట్లోవాళ్లకి కబురు చెప్పాలి. ఖాళీ కాగితం మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ పెట్టకండి.

ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షను. ఈ కొత్త చట్టం 2024 జులై 1 నుంచి నడుస్తోంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. కాపీ ఉచితంగా ఇవ్వాలి.

వకీలు లేడని ఊరుకోకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలుని ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100. మా తమ్ముడి వాళ్లమ్మకి ఇది తెలియక మెడలో ఉన్నది అమ్మి ఫీజు కట్టింది. ఈ ఒక్క నంబరు నేను ముందే చెప్పి ఉంటే ఆ బంగారం మిగిలేది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989ది. తిట్టడం, కొట్టడం దగ్గరే అది ఆగదు. బయటివాళ్లు మన భూమి లాక్కున్నా, అటవీ హక్కులకి అడ్డం పడ్డా, మనమీద తప్పుడు కేసు పెట్టినా అందులో నేరమే. ఎఫ్‌ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ చెయ్యాలనే షరతు లేదని 2018 సవరణ చెప్తోంది.

అటవీ హక్కుల దరఖాస్తు తేలకుండా ఆ భూమి నుంచి ఖాళీ చేయించకూడదు. ఇది 4(5) సెక్షను. దరఖాస్తు రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకోండి.

జైల్లో ఉన్నవాళ్లలో నూటికి 75 మంది దాకా శిక్ష పడనివాళ్లే, విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లే. వాళ్లలో మనవాళ్లెవరైనా ఉంటే కేసు నంబరు తెలుసుకోండి. ఎప్పటినుంచి లోపలున్నారో లెక్కేయండి, ఆ కాగితం జిల్లా న్యాయ సేవల సంస్థకి ఇవ్వండి. డిగ్రీ చదువుతూనే పారా లీగల్ వాలంటీరుగా చేరొచ్చు.

చివరగా ఒక పని ఇస్తున్నాను. ఒక నోట్‌బుక్ కొనండి. మీ ఊళ్లో పదేళ్లలో నడిచిన కేసులు రాయండి. అటవీ కేసు, గంజాయి కేసు, భూమి కేసు, ఆడవాళ్ల మీద జరిగిన నేరాలు. కేసు కానివి కూడా రాయండి. చీకటి లెక్క అందులోనే ఉంటుంది. ఒక్కోదానికి ఐదు ప్రశ్నలు వేయండి: ఇది నేరమని ఎవరు రాశారు, ఎందుకు జరిగింది, ఎవరు దొరికారు ఎవరు దొరకలేదు, దెబ్బ తిన్నది ఎవరు, తర్వాత ఏమైంది. బాధితుల పేర్లు రాయొద్దు. వచ్చే తరగతికి ఆ నోట్‌బుక్కులు తెండి, కలిపి చదువుదాం. మన కొండల నేరశాస్త్రం ఏ యూనివర్సిటీలోనూ రాసి లేదు. మనమే రాయాలి.

మా తమ్ముడి కేసు ఇంకా నడుస్తోంది. ఉచిత వకీలు దొరికాడు. సరుకు ఎవరిచ్చారో రాసి ఇవ్వడానికి వాడు ఇంకా భయపడుతున్నాడు. ఆ భయం ఎందుకో నాకు తెలుసు, బలవంతం చెయ్యడం లేదు. ఇంటర్ సప్లిమెంటరీ ఫీజు కట్టాడు. వాయిదా ఉన్న రోజు వాడితోపాటు నేనూ కోర్టుకి వెళ్తున్నాను. మీ ఊళ్లో కూడా అలాంటివాడు ఒకడుంటాడు. ఈ వారం వాడి ఇంటికి వెళ్లి కాసేపు కూర్చుని రండి.

జోహార్.